ఇంగ్లిష్ మీడియం బిల్లు: మన ఆడవాళ్ళు పెట్టిన టిక్కు, మాస్టార్లు అడిగిన ఆప్షన్

అన్నలూ, తమ్ముళ్ళూ, ఈ పోస్టు పెద్దది. డ్యూటీ మధ్యలో తెరవద్దు, సెలవు రోజు తీరిగ్గా చదవండి.

మన రూముల్లో ఇంగ్లిష్ మీడియం మాట వస్తే చాలు, రెండు పార్టీలుగా చీలిపోతాం. ఒకళ్ళేమో "టీచర్ల యూనియన్లు మన పిల్లల నోటికాడ కూడు లాగేయాలని చూశాయి" అంటారు. ఇంకొకళ్ళు "యూనియన్లు చెప్పిందే అయ్యింది, పిల్లలకి తెలుగూ రాలేదు, ఇంగ్లిషూ రాలేదు" అంటారు. మొన్న భోజనాల దగ్గర ఈ గొడవే గంటసేపు నడిచింది. చివరికి తేలిందేంటంటే, 2019 నుంచి వరసగా ఏం జరిగిందో మాలో ఎవరికీ పూర్తిగా గుర్తు లేదు. కూర్చుని పాత వార్తలన్నీ వెతికి చదివి ఇది రాస్తున్నాం. మాలో గోదావరి జిల్లాల వాళ్ళున్నారు, రాయచోటి వైపు వాళ్ళున్నారు, జగిత్యాల వాళ్ళు ఇద్దరున్నారు. ఏ పార్టీ మంచిది, ఏ పార్టీ చెడ్డది అన్న లెక్క ఇక్కడ లేదు. బడి సంగతి వరకే.

ముందు మన సంగతి ఒకటి చెప్పుకోవాలి. ఎందుకంటే ఈ గొడవలో మన ఇళ్ళు ఎటు నిలబడ్డాయో దీంతోనే అర్థమవుతుంది. 2016 జనవరి నుంచి ఇక్కడి కార్మిక శాఖ ఒక మంచి పద్ధతి తెచ్చింది. ఉద్యోగం ఇచ్చే ముందు ఆఫర్ లెటరు అరబిక్, ఇంగ్లిష్‌తో పాటు పనివాడికి అర్థమయ్యే మూడో భాషలో కూడా ఉండాలి, అది చదువుకున్నాకే సంతకం పెట్టాలి. మొత్తం 11 భాషలు. హిందీ, ఉర్దూ, మలయాళం, తమిళం, బెంగాలీ, నేపాలీ, సింహళం, చైనీస్, దరీ అన్నీ ఉన్నాయి. అప్పుడు ప్రకటించిన ఆ జాబితాలో తెలుగు లేదు. ఇన్ని వేలమందిమి ఉన్నాం, బుర్జులు కట్టాం, మెట్రో పట్టాల కింద మట్టి తవ్వాం, మన భాషలో ఒక కాయితం రాలేదు. హిందీ మాట్లాడడం వచ్చినా చదవడం రానివాడు మనలో ఎంతమందో మీకే తెలుసు. జీతం అంకె చూసి, మిగతాది పక్కవాడిని అడిగి సంతకం పెట్టినవాళ్ళమే ఎక్కువ.

ఇంకో సంగతి. ఇక్కడ భార్యాపిల్లల్ని తెచ్చుకోవాలంటే జీతం 4,000 దిర్హాంలు ఉండాలి, లేదా 3,000తో పాటు కంపెనీ ఇల్లన్నా ఉండాలి. క్యాంపులో ఉండేవాడికి అది అందదు. వచ్చినా ఇక్కడి స్కూలు ఫీజు కట్టలేం. అందుకే మన పిల్లలు ఊళ్ళోనే ఉంటారు. సగం మంది కాన్వెంటులో, సగం మంది ప్రభుత్వ బడిలో. పంపిన డబ్బులో కాన్వెంటు ఫీజు ఎంత పోతుందో ప్రతి నెలా లెక్క చూసుకునేది మనమే. కాబట్టి "ప్రభుత్వ బడిలోనే ఇంగ్లిష్ మీడియం, ఊరికే" అన్న మాట మనకి ఎలా వినపడిందో ఇంకొకరు చెప్పక్కర్లేదు.

ఇప్పుడు అసలు కథ.

ప్రభుత్వ బడుల్లో ఇంగ్లిష్ మీడియం 2019లోనే పుట్టింది అనుకుంటే పొరపాటు. 2008లో రాజశేఖర రెడ్డి గారి ప్రభుత్వం సక్సెస్ స్కూళ్ళని పెట్టింది. ఉమ్మడి రాష్ట్రంలో 6,500 హైస్కూళ్ళలో ఆరో తరగతి నుంచి ఇంగ్లిష్ మీడియం సెక్షన్లు. పక్కనే తెలుగు మీడియం సెక్షను కూడా నడిచేది. అప్పుడు బడికెళ్ళినవాళ్ళు మాలో ఉన్నారు. తర్వాత మోడల్ స్కూళ్ళు వచ్చాయి, అవి పూర్తిగా ఇంగ్లిషే. ఆ తర్వాత తెలుగుదేశం హయాంలో మున్సిపల్ బడుల్లో ఇంగ్లిష్ మీడియం మొదలైంది. అంటే ఏ పార్టీ వచ్చినా బండి అటే పోతోంది. అయితే అప్పటిదాకా ఉన్నది "ఇది కూడా". 2019లో వచ్చింది "ఇదే". గొడవంతా ఆ తేడా దగ్గరే.

2019 నవంబరు 5న జీవో 81 వచ్చింది. వచ్చే ఏడాది నుంచి ఒకటి నుంచి ఎనిమిది దాకా అన్ని ప్రభుత్వ, జిల్లా పరిషత్ బడుల్లో ఇంగ్లిష్ మీడియమే. తెలుగు ఒక సబ్జెక్టుగా ఉంటుంది. గొడవ లేచింది. నవంబరు 20న జీవో 85 ఇచ్చి కొంచెం తగ్గారు: 2020-21లో ఒకటి నుంచి ఆరు దాకా, తర్వాత ఏడాదికో తరగతి చొప్పున పైకి. ఈ లెక్క గుర్తుపెట్టుకోండి, చివర్లో పనికొస్తుంది. ఆ ఏడాది ఆరులో చేరినవాడు 2025 మార్చిలో పదో తరగతి పరీక్ష రాస్తాడు.

టీచర్ల సంఘాలు ఏమన్నాయి? ఇక్కడ మనవాళ్ళు చాలామంది పప్పులో కాలేశారు. యూటీఎఫ్, ఏపీటీఎఫ్ లాంటి సంఘాల ప్రధానమైన మాట "ఇంగ్లిష్ మీడియం వద్దు" అని కాదు. "పెట్టండి, తెలుగు మీడియం కూడా ఉంచండి, ఏది కావాలో పిల్లల తల్లిదండ్రులకి వదిలేయండి" అని. కారణాలు కూడా చెప్పారు. చిన్న తరగతుల్లో పిల్లవాడికి ఇంట్లో మాట్లాడే భాషలోనే లెక్కయినా సైన్సయినా ఎక్కుతుంది. పాఠం చెప్పే మాస్టార్లు చాలామంది తెలుగు మీడియంలో చదివి, తెలుగు మీడియంలో ట్రైనింగు అయినవాళ్ళు. నాలుగు రోజుల శిక్షణతో ఇంగ్లిష్‌లో సైన్సు చెప్పమంటే పుస్తకం పైకి చదివి ఊరుకుంటారు. ఒక్క టీచరే అయిదు తరగతులు చూసుకునే బళ్ళు ఉండగా ముందు టీచర్లని వెయ్యండి అని.

ఈ మొదటి కారణం మనకి కొత్తేమీ కాదు. సైట్‌లో పొద్దున టూల్‌బాక్స్ టాక్ గుర్తు తెచ్చుకోండి. సేఫ్టీ ఆఫీసరు ఇంగ్లిష్‌లో, మధ్యలో కొంచెం హిందీలో పది నిమిషాలు చెప్తాడు. "అండర్‌స్టాండ్?" అంటాడు. అందరం "యస్ సార్" అని కాయితం మీద సంతకం పెడతాం. హార్నెస్ హుక్కు ఎక్కడ తగిలించాలో మనకి తెలిసింది ఆయన చెప్పినప్పుడు కాదు, పక్కన ఉన్న పాత తెలుగాయన చేత్తో చూపించి "ఒరే, ఇక్కడ" అన్నప్పుడు. మూడో తరగతి పిల్లవాడిదీ అదే పరిస్థితి. బుట్టలో 24 మామిడికాయలున్నాయి, 9 అమ్మేశాం, ఎన్ని మిగిలాయి అంటే టక్కున చెప్తాడు. అదే ఇంగ్లిష్‌లో అడిగితే "రిమైనింగ్" దగ్గర ఆగిపోతాడు. వాడికి రానిది తీసివేత కాదు. కానీ మార్కు మాత్రం తీసివేతకే పోతుంది.

మరి ఇంత సబబైన మాట మన ఇళ్ళలో ఎందుకు ఎక్కలేదు?

ఎందుకంటే చెప్పేవాడి ఇంటి వైపు చూశారు. "మాస్టారి పిల్లలు ఏ బడిలో చదువుతున్నారు?" ఈ ఒక్క ప్రశ్నకి సంఘాల దగ్గర జవాబు లేకుండా పోయింది. ఊళ్ళో అందరికీ తెలుసు, చాలామంది మాస్టార్ల పిల్లలు టౌనులో ఇంగ్లిష్ మీడియంలోనే ఉన్నారని. 2019 నవంబరు 11న విజయవాడలో జగన్ గారు ఇదే ప్రశ్న తిప్పి పెద్దవాళ్ళ మీద వేశారు. వెంకయ్య నాయుడు గారు, చంద్రబాబు గారు, పవన్ కల్యాణ్ గారు, మీ పిల్లలు, మనవలు ఏ మీడియంలో చదివారు అని. ఆ మాట రాజకీయమే కావచ్చు, కానీ కూలికెళ్ళే తల్లికి సూటిగా తగిలింది. దళిత, బీసీ మేధావుల్లో కంచ ఐలయ్య గారి లాంటి వాళ్ళు ఎన్నో ఏళ్ళుగా చెప్తున్నదీ ఇదే: ఇంగ్లిష్ పెద్ద కులాల ఇళ్ళలో ఉంది, మా వాకిట్లోకి వచ్చేసరికే భాషాభిమానం గుర్తొస్తుందా అని. ఆ కోపం ఉత్తి కోపం కాదు. తెలుగు గొప్పదనం గురించి సభలు పెట్టేవాళ్ళు ఆఫర్ లెటరు చదవలేక సంతకం పెట్టినవాళ్ళు కాదు.

ఈ రోగం మన రాష్ట్రానికే ఉన్నదీ కాదు. 2015 ఆగస్టులో అలహాబాద్ హైకోర్టు, ప్రభుత్వ జీతం తీసుకునేవాళ్ళంతా తమ పిల్లల్ని ప్రభుత్వ బడికే పంపాలని తీర్పిచ్చింది. అది అమలు కాలేదు, అది వేరే సంగతి. కానీ ఒక జడ్జి అలా రాయాల్సొచ్చిందంటే ఆ ప్రశ్న ఎంత దూరం పోయిందో చూడండి.

ఇక్కడ సంఘాల గురించి కూడా ఒక మాట రాయాలి, లేకపోతే అన్యాయం అవుతుంది. మనం పని చేసే దేశంలో యూనియన్లు లేవు. జీతం ఆలస్యమైతే కార్మిక శాఖలో కంప్లయింటు పెట్టుకోవడమే. అందుకే యూనియన్ అంటే మనలో కొందరికి ఈర్ష్య, కొందరికి చులకన. కానీ ఊళ్ళో బడి అంటూ నిలబడి ఉండడంలో ఈ సంఘాల చెయ్యి ఉంది. టీచర్ పోస్టులు నింపమని ధర్నాలు చేసిందీ, బడి మూసేస్తామంటే కలెక్టరాఫీసు ముందు కూర్చుందీ వాళ్ళే. యూటీఎఫ్ పుట్టింది 1974లో, అంటే మాలో చాలామంది కంటే వయసులో పెద్దది. పైగా రాజ్యాంగంలోనే టీచర్లకి ఒక దారి ఉంది. శాసన మండలిలో పన్నెండో వంతు సీట్లకి టీచర్లే ఓటేసి ఎన్నుకుంటారు. ఆంధ్రప్రదేశ్ మండలిలో 58 మంది ఉంటే అయిదుగురు టీచర్ల ఎమ్మెల్సీలు. గ్రాడ్యుయేట్లకీ సీట్లున్నాయి. తల్లిదండ్రులకి అలాంటి సీటు లేదు. కూలికీ లేదు, గల్ఫ్ వాడికీ లేదు.

తల్లిదండ్రులకి ఉన్నది బడి కమిటీ. 1998లో ఉమ్మడి రాష్ట్రంలో బడుల్లో ప్రజల భాగస్వామ్యం కోసం ఒక చట్టం చేశారు, తల్లిదండ్రులతో స్కూలు కమిటీలు వచ్చాయి. 2010 ఏప్రిల్ 1 నుంచి విద్యాహక్కు చట్టం వచ్చాక కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది ఆడవాళ్ళు ఉండాలి అని రాశారు. 2019 సెప్టెంబరులో ఏపీలో పేరెంట్స్ కమిటీ ఎన్నికలు జరిగాయి. నాడు-నేడు కింద మరుగుదొడ్లు, ఫ్యాన్లు, బెంచీల పని ఆ కమిటీల చేతుల మీదుగానే నడిచింది. మా ఇళ్ళలోని ఆడవాళ్ళు మొదటిసారి బడి మీటింగులో కుర్చీ మీద కూర్చున్నారు. మాస్టార్లలో కొందరికి ఇది గిట్టలేదన్నది కూడా నిజం. "రిజిస్టరు చదవడం రానివాళ్ళు మాకు చెప్పేదేంటి" అన్న మాట మా చెవిన పడింది. ఆ మాట అన్నవాళ్ళే రెండు నెలల తర్వాత వచ్చి "మీ హక్కు కోసమే ఆప్షన్ అడుగుతున్నాం" అంటే ఎవరు నమ్ముతారు చెప్పండి.

2019 డిసెంబరులో ప్రభుత్వం జీవోతో ఆగకుండా 1982 నాటి విద్యా చట్టాన్ని సవరించే బిల్లు తెచ్చింది. అసెంబ్లీలో పాసైంది. మండలిలో అప్పుడు తెలుగుదేశానికి ఎక్కువ బలం. టీచర్ల సంఘాల మద్దతుతో గెలిచిన పీడీఎఫ్ సభ్యులు కూడా తెలుగు మీడియం ఆప్షన్ ఉండాలన్నారు. మీడియం ఎంచుకునే అవకాశం తల్లిదండ్రులకి ఇవ్వాలన్న సవరణతో బిల్లు వెనక్కి వెళ్ళింది. 2020 జనవరి 23న అసెంబ్లీ ఆ సవరణ పక్కన పెట్టి బిల్లుని మళ్ళీ పాస్ చేసింది. నాలుగు రోజులకి, జనవరి 27న, మండలినే రద్దు చెయ్యాలని తీర్మానం చేసింది. రద్దుకి పెద్ద కారణం మూడు రాజధానుల గొడవ. ఆ తీర్మానాన్ని 2021 నవంబరులో వెనక్కి తీసుకున్నారు.

మా లెక్కలో ఈ చరిత్ర మొత్తంలో మలుపు ఇదే. ఆ సవరణ ఒప్పుకుని ఉంటే ఎవరికీ ఏమీ పోయేది కాదు. నిజంగానే నూటికి తొంభై మంది ఇంగ్లిష్ కావాలంటే ఆప్షన్ ఇచ్చినా ఇంగ్లిషే వచ్చేది. ఆ మిగిలిన పది మంది పిల్లలకి ఒక గది ఉండేది. కోర్టు దాకా పోయే పనే ఉండేది కాదు. ఆప్షన్ అంటే ఓడిపోయినట్టు అని ప్రభుత్వం అనుకుంది. ఆప్షన్ అడిగినవాళ్ళంతా పేదల శత్రువులు అని మన ఇళ్ళలో అనుకున్నారు. అదే జనవరిలో 9వ తారీఖున చిత్తూరులో అమ్మ ఒడి మొదలైంది, తల్లి ఖాతాలో 15,000. డబ్బు ఇచ్చిన చేతిని నమ్ముతారా, ధర్నా చేసే మాస్టారిని నమ్ముతారా? మేమైనా అంతే చేసేవాళ్ళం.

2020 ఏప్రిల్ 15న హైకోర్టు తీర్పు వచ్చింది. ఆ రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. దుబాయ్‌లో ఇరవై నాలుగు గంటల లాక్‌డౌన్, నయీఫ్, అల్ రాస్ మొత్తం మూసేశారు, రూములో పది మందిమి బంకుల మీద కూర్చుని ఫోన్లు చూసుకోవడమే. ఛీఫ్ జస్టిస్ జె.కె. మహేశ్వరి, జస్టిస్ నైనాల జయసూర్య ఇద్దరి బెంచి జీవో 81, జీవో 85 రెండింటినీ కొట్టేసింది. విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్‌లో, వీలైనంత వరకు చదువు చెప్పే మాధ్యమం పిల్లవాడి మాతృభాషలో ఉండాలని ఉంది. ఏ మీడియంలో చదవాలన్నది ఎంచుకునే హక్కు రాజ్యాంగం 19వ అధికరణంలోని భావ ప్రకటన స్వేచ్ఛలో భాగం, దాన్ని ప్రభుత్వం లాక్కోకూడదు అన్నది.

ఇందులో ఒక వింత ఉంది. ఆ రెండో వాదనకి ఆధారం 2014 మే 6న సుప్రీంకోర్టు అయిదుగురు జడ్జీల బెంచి ఇచ్చిన కర్ణాటక తీర్పు. అక్కడ గొడవ తిరగేసి ఉంది. 1994లో కర్ణాటక ప్రభుత్వం నాలుగో తరగతి దాకా మాతృభాషలోనో కన్నడంలోనో చెప్పాలన్నది. ప్రైవేటు ఇంగ్లిష్ మీడియం స్కూళ్ళ యజమానులు కోర్టుకెళ్ళి, మీడియం ప్రభుత్వం రుద్దకూడదు అని గెలిచారు. ఇంగ్లిష్ మీడియం యజమానులు తెచ్చుకున్న తీర్పే ఆరేళ్ళ తర్వాత ఆంధ్రలో తెలుగు మీడియానికి అడ్డుగోడ అయింది. కోర్టు భాష పక్షం వహించలేదు. ఎంచుకునేవాడి పక్షం వహించింది.

ఎంచుకోవడమే కావాలా, అయితే అడుగుదాం అని ప్రభుత్వం వెంటనే సర్వే పెట్టింది. లాక్‌డౌన్‌లోనే వాలంటీర్లు ఇంటింటికీ ఫారాలు పట్టుకెళ్ళారు. మూడు గళ్ళు: తెలుగు తప్పనిసరి సబ్జెక్టుగా ఉంటూ ఇంగ్లిష్ మీడియం, తెలుగు మీడియం, వేరే భాషా మీడియం. 96 శాతానికి పైగా తల్లిదండ్రులు మొదటి గడిలో టిక్కు పెట్టారు. మనవాళ్ళు కూడా. ఇంట్లోవాళ్ళు ఫోన్ చేసి "ఏం పెట్టమంటావ్" అంటే "ఇంగ్లిషే పెట్టు, ఇంకేం పెడతావ్" అన్నవాళ్ళమే మనం అందరం.

కొన్ని సంఘాలు ఈ సర్వేని బూటకం అన్నాయి. మేము అలా అనం. ఫారం తెచ్చింది పింఛను తెచ్చే వాలంటీరే కాబట్టి మొహమాటం కొంత ఉంటుంది. అయినా మొహమాటంతో 96 రాదు. మనవాళ్ళకి నిజంగా ఇంగ్లిష్ కావాలి. అయితే ఆ మూడు గళ్ళలో ఏది లేదో చూడండి. "అయిదో తరగతి దాకా తెలుగులో బాగా చెప్పి, ఇంగ్లిష్ సబ్జెక్టుకి ఒక మంచి టీచరుని వేసి, ఆరు నుంచి ఇంగ్లిష్ మీడియం" అన్న గడి లేదు. మన పక్కన పని చేసే పాతకాలం మలయాళీ టైంకీపర్లని, స్టోర్‌కీపర్లని అడగండి. చాలామంది ఊళ్ళో మలయాళం మీడియంలో చదివినవాళ్ళే. ఇంగ్లిష్‌ని సబ్జెక్టుగా గట్టిగా నేర్చుకున్నారు. మన ఇళ్ళు అడిగింది ఇంగ్లిష్. ఫారం ఇచ్చింది ఇంగ్లిష్ మీడియం. ఈ రెండూ ఒకటేనా అన్న మాట టీచర్ల సంఘాలు ఇంటింటికీ వచ్చి చెప్పాల్సింది. ప్రెస్‌మీట్లలో చెప్పారు, విజయవాడలో చెప్పారు. మా వీధిలోకి వచ్చి అరుగు మీద కూర్చుని ఏ మాస్టారూ చెప్పలేదు.

సర్వే చేతిలో పెట్టుకుని, మండలానికి ఒక తెలుగు మీడియం బడి ఉంచుతాం, దూరం నుంచి వచ్చేవాళ్ళకి రాకపోకలకి ఏర్పాటు చేస్తాం అన్నారు. సుప్రీంకోర్టుకీ వెళ్ళారు. 2020 సెప్టెంబరులో సుప్రీంకోర్టు హైకోర్టు తీర్పు మీద స్టే ఇవ్వలేదు. అయినా బళ్ళలో ఇంగ్లిష్ మీడియం ముందుకే పోయింది. ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లిష్ ఉన్న పుస్తకాలు వచ్చాయి. ఆ పుస్తకాలు మాత్రం మంచి పని. చదువు రాని తల్లి కూడా పక్కింటి పిల్లతో చదివించుకుని పాఠం ఏంటో తెలుసుకోగలిగింది. తెలంగాణ కూడా 2022-23లో ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లిష్ మీడియం ఇలాగే రెండు భాషల పుస్తకాలతో మొదలుపెట్టింది. అక్కడ గొడవ ఇంత ముదరలేదని మా జగిత్యాల తమ్ముళ్ళ మాట.

ఈ బాధ పెద్ద దేశాలకీ ఉంది. మనం ఉన్న చోటే చూడండి. అబుదాబిలో 2010లో ప్రభుత్వ బడుల్లో కొత్త పద్ధతి పెట్టి లెక్కలు, సైన్సు ఇంగ్లిష్‌లో చెప్పడం మొదలుపెట్టారు. డబ్బుకి లోటు లేదు, ఇంగ్లిష్ దేశాల నుంచే టీచర్లని తెచ్చుకున్నారు. అయినా అరబిక్ ఏమైపోతుంది అన్న దిగులు ఇక్కడి వాళ్ళలోనూ ఉంది. మన మండలంలో డీఎస్సీ పోస్టులు నింపకుండా అదే పని చెయ్యబోయారు.

తర్వాత వచ్చింది 2022. తల్లిదండ్రులూ టీచర్లూ ఒకే వైపు నిలబడింది ఇప్పుడే. జూన్‌లో జీవో 117 వచ్చింది. ఊరి బడిలో ఉన్న మూడు, నాలుగు, అయిదు తరగతుల్ని కిలోమీటరు లోపు ఉన్న హైస్కూల్లో కలపడం, ఇంగ్లిష్ ఒక్కటే మీడియంగా లెక్కేసి టీచర్ల పోస్టులు సర్దడం. రెండు మీడియాలు ఉంటే రెండు సెక్షన్లు, ఇద్దరు టీచర్లు. ఒకటే మీడియం అయితే సెక్షన్లు కలిసిపోతాయి, పోస్టు మిగిలిపోతుంది. "ఒకే మీడియం అంటే పోస్టుల కోతే" అన్న సంఘాల అనుమానం అప్పుడు మన కళ్ళకి కనపడింది. జూలై 5న బళ్ళు తెరిచేసరికి ఎనిమిదేళ్ళ పిల్లలు రోడ్డు దాటి, కాలవ దాటి హైస్కూలుకి పోవాలి. ఊళ్ళకి ఊళ్ళు రోడ్డెక్కాయి. తల్లులు బడి గేటు ముందు కూర్చున్నారు. రెండేళ్ళ కిందట ఇంగ్లిష్ గడిలో టిక్కు పెట్టిన ఆ తల్లులే. ఈసారి పక్కన యూటీఎఫ్ మాస్టారు కూడా కూర్చున్నాడు. అప్పటి విద్యామంత్రి బొత్స సత్యనారాయణ గారు ఎమ్మెల్యేల అభిప్రాయాలు తీసుకుని కొన్ని చోట్ల విలీనం వెనక్కి తీసుకున్నారు. మిగతా చోట్ల అలాగే నడిచింది. 2025లో కొత్త ప్రభుత్వం జీవో 117ని రద్దు చేసింది.

టీచర్లదే తప్పు, లేదా తల్లిదండ్రులదే అమాయకత్వం అని తేల్చేసేవాళ్ళు ఈ రెండు సంవత్సరాల్నీ పక్కపక్కన పెట్టుకుని చూడాలి. 2020లో సంఘాలు చెప్పిన దాంట్లో పోస్టుల భయం కొంత కలిసే ఉంది. అది దాచిపెట్టి భాష మీద ప్రేమ అని మాత్రమే చెప్పారు. పోస్టుల సంగతి సూటిగా చెప్పి ఉంటే మనకి ఇంకా బాగా అర్థమయ్యేది. టీచరు పోస్టు పోవడమంటే మన పిల్లవాడి ఎదురుగా నిలబడే మనిషి పోవడమే కదా. కూలివాడికి ఉద్యోగ భయం అర్థం కాకపోవడం ఏంటి? ఇక మన ఇళ్ళ వైపు చూస్తే, కమిటీలో సంతకం ఉంది గానీ చదివి వినిపించేవాడు లేడు. బిల్లులో ఏముందో, సవరణలో ఏముందో ఒక్క పేరెంట్స్ కమిటీ మీటింగులోనూ చదివినట్టు మా ఇళ్ళలో ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు ముందు గుర్తుపెట్టుకోమన్న లెక్క. 2020-21లో ఆరో తరగతి ఇంగ్లిష్ మీడియంలోకి వెళ్ళిన పిల్లలు 2025 మార్చిలో పదో తరగతి పరీక్ష రాశారు. కరోనాలో ఆరు, ఏడు తరగతులు సగం ఇంట్లోనే గడిచాయి వాళ్ళకి. పరీక్ష ముందు ప్రభుత్వం, కావాలంటే తెలుగులో రాసుకోవచ్చని అవకాశం ఇచ్చింది. ఇంగ్లిష్‌లో దాదాపు 5.64 లక్షల మంది రాస్తే, తెలుగు ఎంచుకున్నవాళ్ళు 51 వేల మంది దాకా ఉన్నారు. 2020 జనవరిలో మండలి పంపిన ఆప్షన్, అసెంబ్లీ పక్కన పెట్టిన ఆప్షన్, అయిదేళ్ళు తిరిగి పరీక్ష హాలు గుమ్మం దగ్గర ఆ పిల్లల చేతికొచ్చింది. అయిదేళ్ళు ఒక మీడియంలో కూర్చోబెట్టి చివరి రోజున రెండోది కూడా ఉంది అంటే, ఆ 51 వేల మంది ఏం చదువుకుని, ఏం అర్థం చేసుకుని ఆ నిర్ణయానికి వచ్చారో ఎవరైనా అడిగారా అని మాకు అనిపిస్తోంది. వాళ్ళలో ప్రైవేటు బళ్ళవాళ్ళు, ఎయిడెడ్ వాళ్ళు కూడా ఉండొచ్చు. అయినా అంతమంది.

ఏపీలో స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీలకి 2024 ఆగస్టు 8న మళ్ళీ ఎన్నికలు జరిగాయి, గడువు రెండేళ్ళు. మీ ఇంట్లోవాళ్ళు ఎవరైనా కమిటీలో ఉంటే మీటింగు రోజున తీర్మానం పుస్తకం పేజీ ఫోటో తీసి వాట్సప్‌లో పెట్టమనండి. సంతకం పెట్టకముందు. తెలుగులోనే రాస్తారు అది, మనం చదవగలం.